జతలో ఒకరు భయపడితే రెండోవాళ్ళు ఏం చెయ్యాలి? పెయిర్ స్కేటింగ్ తెలిసినవాళ్ళు చెప్పండి

బైరాగిపట్టెడ_లత
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎవరైనా పిల్లల్ని స్కేటింగ్‌కి పంపుతుంటే కాస్త ఇది చదివి చెప్పండి.

మా పాపకి 13 ఏళ్ళు. రోలర్ స్కేట్స్ మీద ఆర్టిస్టిక్ (పాటకి డాన్స్‌లా) చేస్తుంది. పోయినేడాది పెయిర్స్‌లో వేశారు. జతగా చేసే అబ్బాయికి 15. బాగా నెమ్మదస్తుడు, నన్ను "ఆంటీ" అని కూడా గట్టిగా పిలవడు. ఈ మధ్య ప్రాక్టీస్‌లో లిఫ్ట్ (పాపని పైకెత్తడం) చేస్తుంటే చెయ్యి జారి పాప కింద పడింది. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. రెండ్రోజులు మూతి ముడుచుకుని మళ్ళీ గ్రౌండ్‌కి పోయింది. ఆ అబ్బాయి మాత్రం అప్పటినుంచి రావడం లేదు. వాళ్ళమ్మని అడిగితే జ్వరమంటుంది. ఇన్నాళ్ళ జ్వరం ఉంటుందా?

సెలెక్షన్స్ దగ్గర పడుతున్నాయి. కోచ్ వేరే అబ్బాయిని చూద్దామంటున్నారు. మా ఆయనదీ అదే మాట. నాకే మనసొప్పడం లేదు. పెద్ద స్థాయిలో, ఒలింపిక్స్‌కి పోయేవాళ్ళు ఇలాంటప్పుడు ఏం చేస్తారు?

గాంధీరోడ్డు_గిరి
దెబ్బ తగిలింది మీ పాపకి, ఇంట్లో కూర్చుంది వాడా! ఇదెక్కడి చోద్యం తల్లీ. మగపిల్లోడు అంత సున్నితమైతే ఎట్ట? కోచ్ చెప్పినట్టు ఇంకొకర్ని చూసుకోండి. ఫీజులు కట్టేది మీరు.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్
గిరి అన్నా, అంత తేలిగ్గా తీసెయ్యొద్దు. నేను డ్యూటీలో మెలకువగా ఉండడానికి ఐస్ స్కేటింగ్ వీడియోలు చూడడం మొదలుపెట్టి పిచ్చి ముదిరినవాణ్ణి. లతక్కా, మీ ఇంట్లో జరిగిందే ప్రపంచ ఛాంపియన్లకీ జరిగింది.

2004 అక్టోబర్, పిట్స్‌బర్గ్‌లో స్కేట్ అమెరికా పోటీ. రష్యా జంట తత్యానా టోట్మియానినా, మాక్సిమ్ మారినిన్. అప్పటికే ప్రపంచ ఛాంపియన్లు. ఆమెను తలపైకి ఎత్తి తిరుగుతున్నాడు, బ్యాలెన్స్ తప్పింది. అంత ఎత్తు నుంచి ఆమె తల మంచుకి కొట్టుకుంది. స్పృహ పోయింది, స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. చూసినవాళ్ళంతా ఇక ఈమె పని అయిపోయిందనుకున్నారు. ఆమె చూస్తే కొద్ది వారాల్లోనే ప్రాక్టీస్‌కి వచ్చేసింది. కుదుటపడలేకపోయింది అతను. మళ్ళీ ఆమెను ఎత్తాలంటే భయం. మానసిక నిపుణుల దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

అప్పుడు ఆమె వేరే పార్ట్‌నర్‌ని చూసుకోలేదు. 2005లో యూరోపియన్ టైటిల్, మాస్కోలో వరల్డ్ టైటిల్, 2006 ట్యూరిన్‌లో ఒలింపిక్ స్వర్ణం, మూడూ ఈ ఇద్దరే కలిసి గెలిచారు.

పడినవాళ్ళ చుట్టూ పదిమంది చేరతారు. పడేసినవాడు ఒక మూల నిలబడి ఉంటాడు. వాణ్ణి ఎవరు పలకరిస్తారు చెప్పండి?

చిత్తూరు_చక్రాలు
నేను చిత్తూరులో పిల్లలకి స్కేటింగ్ నేర్పుతాను. రేణిగుంట తమ్ముడు చెప్పింది నిజం. ఒకసారి పట్టు తప్పిన పిల్లోణ్ణి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. లిఫ్ట్‌కి ముందు అరచేతులు నిక్కరుకి తుడుచుకుంటా ఉంటాడు. ఒకసారి తుడిస్తే చెమట. మూడు నాలుగుసార్లు తుడిచాడంటే లోపల గుబులు. అలాంటప్పుడు ఎత్తమనకూడదు. ఎత్తినా సగంలో వదిలేస్తాడు, లేదంటే వదలకూడదని మరీ గట్టిగా పట్టుకుని అమ్మాయి మణికట్టు నలిపేస్తాడు.

మన దగ్గర పెయిర్స్ అంటే చాలామందికి తెలియదు గానీ, 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామా, అవనీ పంచాల్‌తో కలిసి రోలర్ స్కేటింగ్ పెయిర్స్‌లో కాంస్యం తెచ్చాడు. సింగిల్స్‌లో ఇంకో కాంస్యం. 2015లో అర్జున అవార్డు కూడా ఇచ్చారు. మా పిల్లలకి ఈ పేరు చెప్తే కళ్ళు మెరుస్తాయి.

లతమ్మా, ఒక మాట అడుగుతాను, ఏమనుకోవద్దు. ఆ లిఫ్ట్ జారిన తర్వాత గ్రౌండ్‌లో ఎవరు ఏమన్నారు? నాకు దాని మీదే అనుమానం.

బైరాగిపట్టెడ_లత
సార్, నేను అప్పుడు అక్కడ లేను. పాపని అడుగుతాను.

పుత్తూరు_మురళి
ఎముక విరిగితే మా ఊరికి రండి, ఆకు పసరేసి కట్టు కట్టి పంపిస్తారు. ఈ భయానికి కట్టు యాడ కడతారో నాకూ తెలీదు 😀 అది పక్కన పెడితే, నాదొక డౌటు. ఆ ఆటలో ఆడామగా చేతిలో చెయ్యేసి, కళ్ళలోకి చూసుకుంటా చేస్తారు గదా. వాళ్ళు నిజంగా ప్రేమించుకున్నోళ్ళేనా? భార్యాభర్తలైతే గొడవే ఉండదు, ఇంట్లోనే మాట్లాడుకోవచ్చు.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్
మురళి అన్నా, కొందరు పెళ్ళి చేసుకున్నారు, చాలామంది చేసుకోలేదు. కెనడా ఎరిక్ రాడ్‌ఫర్డ్ తాను గే అని 2014లోనే బయటికి చెప్పాడు. మేగన్ డుహామెల్‌తో కలిసి 2015, 2016 వరల్డ్స్ గెలిచాడు. జనం చూసే ఆ ప్రేమంతా ప్రోగ్రామ్‌లో భాగం, దానికీ మార్కులుంటాయి. పొద్దున పోట్లాడుకున్నా సాయంత్రం కళ్ళలోకి చూసి నవ్వాల్సిందే.

ఇక భార్యాభర్తలైతే గొడవ ఉండదన్నారు. అమెరికా జంట అలెక్సా, క్రిస్ నియరిమ్ సంగతి వినండి. 2016లో పెళ్ళి. అదే ఏడాది ఆమెకి కడుపులో పెద్ద జబ్బు, వరసగా ఆపరేషన్లు, మనిషి చిక్కి సగమైంది. కోలుకుని 2018 ఒలింపిక్స్‌కి వెళ్ళారు. 2020 జనవరిలో నేషనల్ టైటిల్ గెలిచారు. ఆ తర్వాతి నెలలోనే సియోల్‌లో ఫోర్ కాంటినెంట్స్ పోటీ మధ్యలో తప్పుకున్నారు, కొద్దిరోజులకే క్రిస్ రిటైరయ్యాడు. దెబ్బలతో పాటు డిప్రెషన్‌తోనూ పోరాడుతున్నాడని అప్పుడు బయటికొచ్చింది. జబ్బుపడ్డ భార్యని నిలబెట్టిన మనిషి అని అందరూ మెచ్చుకున్నారు. ఆ మనిషి ఎట్ట ఉన్నాడని అడిగినవాళ్ళు తక్కువ.

ఇంట్లో చెప్పుకోవచ్చన్నారు కదా. ఇంట్లో ఉండేది ఎవరు? తన ఒలింపిక్ ఆశ కూడా అతని చేతుల మీదే పెట్టుకున్న భార్య. "నాకు చేతకావడం లేదు" అని ఆమెతో అనడం ఇంకా కష్టం కాదా?

గజ్జెలు
తర్వాత ఆమె ఏం చేసింది? నాకు అది కావాలి.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్
ఆమె బ్రాండన్ ఫ్రేజియర్‌తో జతకట్టింది. క్రిస్ కోచింగ్ వైపు వచ్చాడు. 2022లో అలెక్సా, ఫ్రేజియర్ మోంట్‌పెల్లియెలో వరల్డ్ ఛాంపియన్లయ్యారు. అమెరికా జంటకి 1979 తర్వాత అదే మొదటి వరల్డ్ టైటిల్. ఆయన ఆగిపోయినందువల్ల ఆమె దారి మూసుకుపోలేదు.

గాంధీరోడ్డు_గిరి
చూశారా, నేను చెప్పిందే గదా! ఇంకొకర్ని చూసుకుంది, గెలిచింది.

గజ్జెలు
గిరి గారూ, అవతలివాడు "నేను ఆగిపోతాను" అని తన నోటితో చెప్పాక ఇంకొకర్ని చూసుకోవడం వేరు. జ్వరమని ఇంట్లో పడుకున్న పిల్లాడి చోటులో గుట్టుగా ఇంకొకర్ని నిలబెట్టడం వేరు. నేను చిన్నప్పటినుంచి కూచిపూడి చేస్తున్నాను, జంటగా చేసే అంశాలు చాలా చేశాను. నాతో చేసే అమ్మాయి స్థానంలో నాకు చెప్పకుండా వేరే అమ్మాయిని పెట్టిన రోజు, నా వంతు కూడా ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అర్థమైంది. మిగిలిపోయినవాళ్ళకి కూడా ఆ భయం అంటుకుంటుంది. లత గారి పాప ఇప్పుడు అదే చూస్తూ ఉంటుంది.

నీలిమబ్బు
నేను సైకాలజీ పీజీ చేస్తున్నాను. ఇంకా డాక్టర్ని కాదు, చూడని పిల్లాడికి ఫలానా జబ్బని పేరు పెట్టను. కానీ ఈ ఆటలో నన్ను పట్టుకున్న విషయం ఒకటి చెప్తాను.

సింగిల్స్‌లో మనిషికి బాగోలేకపోతే తప్పుకునేది తనొక్కతే. టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ వ్యక్తిగత ఆల్‌రౌండ్ పోటీ నుంచి అలా తప్పుకుంది, లోకం చాలావరకు అర్థం చేసుకుంది, అర్థం చేసుకోనివాళ్ళు తిట్టారు. పెయిర్స్‌లో ఒకరు తప్పుకుంటే రెండోవాళ్ళ ఏళ్ళ కష్టం కూడా ఆగిపోతుంది. 1980లో టై బాబిలోనియా, రాండీ గార్డ్‌నర్‌లది ఇదే కథ. ఎనిమిదేళ్ళ పిల్ల, పదేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పటినుంచి జత. 1979 వరల్డ్ ఛాంపియన్లు. సొంత దేశంలో, లేక్ ప్లాసిడ్‌లో ఒలింపిక్స్. అతనికి గజ్జల్లో గాయం. షార్ట్ ప్రోగ్రామ్ (మొదటి రౌండు) ముందు వార్మప్‌లో పడ్డాడు, మళ్ళీ పడ్డాడు. పోటీ చెయ్యకుండానే ఇద్దరూ రింక్ దిగిపోయారు. ఆమె ఒంటికి ఏ దెబ్బా లేదు. తర్వాతి ఏళ్ళలో మద్యంతో, డిప్రెషన్‌తో ఎంత అవస్థపడిందో ఆమే బయటికి చెప్పుకుంది.

కాబట్టి జతలో ఉన్నవాళ్ళు నోరు విప్పకపోవడానికి కారణం సిగ్గు ఒక్కటే కాదు. అప్పులాంటిది ఒకటి నెత్తిమీద ఉంటుంది. తను ఆగితే అవతలివాళ్ళ జీవితం ఆగుతుందన్న లెక్క. పదిహేనేళ్ళ పిల్లాడికి కూడా ఆ లెక్క తెలుసు.

చిత్తూరు_చక్రాలు
దీనికి తోడు మగపిల్లల కొరత. అమ్మాయిలు పదిమంది వస్తే అబ్బాయిలు ఒకరిద్దరు. ఐస్ మీదా అంతే, అన్ని దేశాల్లోనూ పెయిర్స్‌కి మగపిల్లలు దొరకరు. అందుకని దొరికినవాణ్ణి పోగొట్టుకోకూడదని అమ్మాయిలు నోరు మూసుకుంటారు.

ఎలేనా బెరెజ్‌నాయా అని ఒకావిడ. 1996 జనవరిలో రీగాలో ప్రాక్టీస్. ఇద్దరూ పక్కపక్కన స్పిన్ చేస్తుంటే పార్ట్‌నర్ స్కేట్ బ్లేడు ఆమె తలకి తగిలి పుర్రెలోకి దిగింది. మెదడుకి ఆపరేషన్లు, మాట పోయింది, మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుంది. ఆ పార్ట్‌నర్ దురుసు మనిషని చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అయినా ఆ దెబ్బ తగిలేదాకా జత కొనసాగింది. తెలిసి కూడా ఆపని పెద్దవాళ్ళ మీదే నా కోపమంతా. తర్వాత ఆంటన్ సిఖరులిడ్జె తోడుగా నిలబడి ఆమెను మళ్ళీ మంచు మీదికి తెచ్చాడు. ఒలింపిక్స్‌లో 1998లో రజతం, 2002లో స్వర్ణం.

పుత్తూరు_మురళి
పుర్రెలోకి బ్లేడా! ఇంక మా పిల్లకి కబడ్డీయే మేలు.

గాంధీరోడ్డు_గిరి
ఓర్చుకోవడం కూడా ఆటలో భాగమేనయ్యా. చైనా పిల్ల ఒకామె ఒలింపిక్స్‌లో పడి, లేచి, కుంటుకుంటూ మళ్ళీ చేసి రజతం తెచ్చింది, టీవీలో చూశాను. స్టేడియం అంతా లేచి నిలబడింది. అట్లాంటివాళ్ళని చూసి నేర్చుకోవాలి గానీ...

రేణిగుంట_నైట్‌షిఫ్ట్
జాంగ్ డాన్. 2006 ట్యూరిన్, పార్ట్‌నర్ జాంగ్ హావో. త్రో క్వాడ్ సాల్కోవ్ ప్రయత్నించారు. అంటే అతను విసిరితే ఆమె గాల్లో నాలుగు చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగాలి. కాళ్ళు విడిపోయి మోకాలు మంచుకి తగిలింది. కొన్ని నిమిషాలాగి మళ్ళీ మొదలుపెట్టారు. నేనూ చాలాసార్లు చూశాను, ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

కానీ అన్నా, ఆ వీడియో రెండోసారి చూసేటప్పుడు అతని మొహం చూడండి. తిరిగి మొదలయ్యాక మళ్ళీ విసరాల్సింది అతనే గదా. మోకాలు వాచిన మనిషిని.

గాంధీరోడ్డు_గిరి
అది నేను చూడలేదు. చూస్తాను.

బైరాగిపట్టెడ_లత
చిత్తూరు సార్ అడిగింది పాపని అడిగాను. నిన్న రాత్రి రెండు చపాతీల్లో ఒకటి పక్కకు నెట్టేసింది. ఎందుకే అంటే ఆకల్లేదంది. పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగితే మొత్తం చెప్పింది.

లిఫ్ట్ జారాక గ్రౌండ్‌లో ఒక పెద్దమనిషి నవ్వుతూ "పాప కాస్త బరువెక్కింది, అందుకే వాడు ఆపలేకపోయాడు" అన్నాడట. అబ్బాయి వెంటనే "లేదు సార్, తప్పు నాదే" అన్నాడట. మర్నాటినుంచి రావడం మానేశాడు. పాప ఆ రోజునుంచే రాత్రిళ్ళు తిండి తగ్గించింది. నేను చదువు టెన్షన్ అనుకున్నాను.

ఇంకోటి కూడా చెప్పింది. ఆ అబ్బాయికి భుజం నొప్పి ఉందట, ముందునుంచే. ఎవరికీ చెప్పలేదు. చెప్తే "పిల్ల బరువు వల్లే" అంటారని.

చదువుతున్నారా గిరి గారూ? సున్నితమన్నారు.

గాంధీరోడ్డు_గిరి
చదివానమ్మా. ఆ పెద్దమనిషిని నాలుగు అడగాలనిపిస్తా ఉంది.

నీలిమబ్బు
అక్కా, పాప తిండి సంగతి ముందు. పెరిగే వయసులో ఎత్తు, బరువు పెరగాల్సిందే. పెయిర్స్‌లో అమ్మాయి ఎంత చిన్నగా ఉంటే అంత మంచిదన్న లెక్క వల్ల ఎంతోమంది పాడయ్యారు. ఐస్ స్కేటింగ్ అంతర్జాతీయ సమాఖ్య సీనియర్ పోటీల కనీస వయసుని 15 నుంచి ముందు 16కి, 2024–25 సీజన్ నుంచి 17కి పెంచింది. ఇంకో పేరు: డియానా స్టెల్లాటో-డ్యూడెక్. టీనేజ్‌లో సింగిల్స్ మానేసి, పదహారేళ్ళ తర్వాత తిరిగొచ్చి, పెయిర్స్‌లో మాక్సిమ్ డెషాంతో 2024 వరల్డ్స్ గెలిచింది. అప్పటికి ఆమెకు 40. ఆమె వీడియో పాపకి చూపించండి. బరువు మాటెత్తకుండా చూపించండి.

తిండి ఇలాగే తగ్గుతూ పోతే, నెలసరి తప్పితే, ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించండి. రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ కూడా ఉంది, అక్కడికి పోతే పిచ్చని ముద్ర వేస్తారని భయపడొద్దు.

అబ్బాయి విషయంలో "ఎప్పుడొస్తావ్" అని అడగొద్దు. ఆ ప్రశ్నలోనే సెలెక్షన్స్ ఉన్నాయి. భుజం ఎలా ఉందని అడగండి.

గజ్జెలు
ఆస్ట్రేలియా తరఫున ఆడిన కాత్యా అలెగ్జాండ్రోవ్‌స్కాయా గురించి ఎవరైనా రాస్తారేమోనని చూస్తున్నాను. మాస్కో పిల్ల. టీనేజ్‌లోనే దేశం మారి, హార్లీ విండ్సర్‌తో 2017లో జూనియర్ వరల్డ్స్ గెలిచింది, 2018 ఒలింపిక్స్‌కి వెళ్ళింది. 2020 మొదట్లో మూర్ఛ జబ్బని తేలి ఆట మానేసింది. ఆ జూలైలోనే చనిపోయింది, 20 ఏళ్ళకి. ఇల్లు, భాష, దేశం వదిలి ఒక పార్ట్‌నర్ కోసం వెళ్ళిన పిల్లకి ఆట పోయాక ఏం మిగిలిందా అని ఆలోచిస్తే నాకు నిద్ర పట్టలేదు.

మోడరేటర్
ఆ మరణం ఎలా జరిగిందన్నది ఇక్కడ చర్చించవద్దు. ఒకే కారణానికి ముడిపెట్టి రాయవద్దు. చదివేవాళ్ళలో ఎవరికైనా మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం, 24 గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. ఆ గ్రౌండ్ ఏదో, ఆ పెద్దమనిషి ఎవరో కూడా ఎవరూ అడగొద్దు, రాయొద్దు.

చిత్తూరు_చక్రాలు
లతమ్మా, పని మాట చెప్తాను. ఆ ఇద్దరూ లిఫ్ట్‌లు లేకుండా కొన్నాళ్ళు చెయ్యొచ్చు. పక్కపక్కన స్టెప్పులు, స్పిన్లు, చేతులు పట్టుకుని తిరగడం. ఒకరి వేగం ఒకరికి అలవాటు పడేది అక్కడే. భుజం ముందు ఎముకల డాక్టరుకి చూపించమనండి. (మురళీ, కట్టు కాదు, డాక్టరు.) లిఫ్ట్ మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు స్కేట్స్ విప్పి, షూస్‌తో, కింద మ్యాట్ వేసి, నడుము ఎత్తు దాకా. "దించు" అని ఏ ఒక్కరు అన్నా దించెయ్యాలి, కారణం అడగకూడదు. మా దగ్గర ఇదే పద్ధతి. మొదట్లో పిల్లలు ఊరికే "దించు దించు" అని నవ్వుకుంటా ఉంటారు. నవ్వుకోనీ. నిజంగా అనాల్సిన రోజు ఆ మాట నోటికి రావాలి గదా.

సెలెక్షన్స్ ఈ ఏడాది వదిలేస్తే వచ్చే ఏడాది ఉంటాయి. చైనా సుయ్ వెన్‌జింగ్ 2016లో రెండు పాదాలకీ ఆపరేషన్ చేయించుకుంది. నెలల తరబడి పోటీలు లేవు. హాన్ కాంగ్ ఎదురుచూశాడు. 2017లో వరల్డ్స్ గెలిచారు, 2018 ఒలింపిక్స్‌లో 0.43 పాయింట్ తేడాతో స్వర్ణం పోయింది. తర్వాత అతని తుంటికి ఆపరేషన్, ఈసారి ఆమె ఎదురుచూసింది. 2022 బీజింగ్‌లో స్వర్ణం వచ్చింది, అదీ 0.63 తేడాతో.

బైరాగిపట్టెడ_లత
ఈ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళొచ్చాను, పాపని కూడా తీసుకెళ్ళాను. వాళ్ళమ్మ కాఫీ పెడుతూ పెడుతూ ఏడ్చేసింది. కొడుకు నిద్రలో చేతులు గట్టిగా బిగించుకుంటున్నాడట. నేను భుజం ఎలా ఉంది నాయనా అన్నాను. ముందు తల వంచుకున్నాడు. తర్వాత చొక్కా కాలర్ కాస్త పక్కకు లాగి ఎక్కడ నొప్పో వేలితో చూపించాడు. పాప వాడి పక్కన కూర్చుని మిక్చర్ ప్లేటు మొత్తం ఖాళీ చేసింది.

సోమవారం భుజం చూపించడానికి వాళ్ళిద్దరితో నేనూ వెళ్తున్నాను. కోచ్‌కి ఫోన్ చేసి ఈసారి సెలెక్షన్స్‌కి పంపడం లేదన్నాను. ఆయనకి నచ్చలేదు. మా ఆయన కట్టిన ఫీజు సంగతి ఏమిటని అడుగుతున్నాడు, ఆ గొడవ ఇంకా తేలలేదు. బరువు మాట అన్న మనిషితో కూడా మాట్లాడాలి, ఎలా మాట్లాడాలో చెప్పండి.

గాంధీరోడ్డు_గిరి
ఆ వీడియో చూశానమ్మా, రెండోసారి. తమ్ముడు చెప్పింది నిజమే.

ఆ మనిషితో మాట్లాడ్డానికి మీ ఆయన్ని ఒక్కణ్ణే పంపొద్దు, ఫీజు గొడవలోకి దిగిపోతాడు. మీరూ, ఆ అబ్బాయి వాళ్ళమ్మా కలిసి వెళ్ళండి. పిల్లల ముందు వద్దు. "మా పిల్లల బరువు గురించి ఇక మాట్లాడొద్దు" అని ఒక్క ముక్క చెప్పి వచ్చెయ్యండి. ఫీజు మాత్రం వదలొద్దు, వచ్చే టర్మ్‌కి సర్దమని కాగితం మీద రాసివ్వండి.

చిత్తూరు_చక్రాలు
మ్యాట్లు లేకపోతే చెప్పండి, మా దగ్గర పాతవి రెండున్నాయి. చిత్తూరు బస్సులో వేసి పంపిస్తాను, తిరుపతి బస్టాండులో దించుకోండి.